అచ్చుపుట నుండి అక్షరపు తెరకు: పద్యపాఠాల విన్యాసం గూర్చి ఒక అభిప్రాయం

గ్రంథానికి పాఠమని, విన్యాసమని రెండు అంశాలున్నవి. కవి పలికిన పలుకు, టీకాకారుడు విప్పిన అర్థం, పరిష్కర్త నిర్ణయించిన అక్షరం పాఠం. ఆ పాఠాన్ని ఏ పరిమాణపు అక్షరాలలో, పుటలో ఏ చోట, ఏ వరుసలో నిలిపినారన్నది విన్యాసం. తాళపత్రాల కాలంలో విన్యాసానికి స్వతంత్రమైన ప్రతిపత్తి లేదు. అచ్చు వచ్చిన తరువాత అది క్రమంగా అర్థంలో ఒక భాగాన్ని తానే మోయసాగింది. మూలం లావు అక్షరాలలో, టీక సన్న అక్షరాలలో, పాఠాంతరాలు పుట అడుగున మరింత చిన్న అక్షరాలలో ఉండడం మనకు ఎంత అలవాటైనదంటే, ఆ భేదాలను తొలగిస్తే గ్రంథంలో ఏమి మిగులుతుందన్న ప్రశ్న మనకు సాధారణంగా తోచదు.

ఆ ప్రశ్నను మన ముందు నిలిపేది టెర్మినల్ తెర. అక్కడ అక్షరాలన్నీ ఒకే పరిమాణం. ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క గడి. పుట అడుగు అనేది లేదు. అచ్చుకోసం సిద్ధపరచిన గ్రంథాన్ని అట్టి తెరపై చూపవలసి వచ్చినప్పుడు విన్యాసం రాలిపోతుంది, పాఠమే మిగులుతుంది. విన్యాసంతోపాటు అర్థం కూడా రాలిపోయినట్లయితే, ఆ లోపం తెరది కాదు, పరిష్కరణ పద్ధతిది అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. పాదవిభాగం, మూలటీకాభేదం, పాఠాంతరసూచన అనే మూడింటినీ అక్షరాలలోనే చెప్పవలెను. అచ్చు అందానికి విడిచిపెట్టరాదు. ఖమ్మం, భద్రాచలం అడవి సరిహద్దులో పనిచేసే పరిశోధకునికి ఈ విషయం తక్కినవారికన్న ఎక్కువ అవసరమని కూడా చూపడానికి ప్రయత్నిస్తాను.

ఒకే ప్రతి, రెండు రూపాలు

ఈ సమస్య పాశ్చాత్యులకు కంప్యూటర్ల తొలినాళ్ళలోనే ఎదురైనది. 1964 ప్రాంతంలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో జెరోమ్ సాల్ట్‌జర్ 'రనాఫ్' అనే కార్యక్రమాన్ని రచించినాడు. రచయిత తన వ్యాసంలో అక్కడక్కడ, పంక్తి మొదట చుక్క పెట్టి, చిన్న చిన్న ఆజ్ఞలు వ్రాస్తాడు. యంత్రం వాటిని గ్రహించి పేరాలను, అంచులను సరిదిద్దుతుంది. ఈ పద్ధతినే అనుసరించి 1970వ దశకంలో బెల్ ప్రయోగశాలలలో జోసెఫ్ ఒసానా 'ఎన్‌రాఫ్', 'టీరాఫ్' అనే జంట కార్యక్రమాలను నిర్మించినాడు. టీరాఫ్ అచ్చుయంత్రానికి, ఎన్‌రాఫ్ టెర్మినల్‌కు. రచయిత వ్రాసే ప్రతి మాత్రం ఒక్కటే. యూనిక్స్ వ్యవస్థకు సంబంధించిన వివరణగ్రంథమంతా ఇట్లే ఒకే ప్రతి నుండి పుస్తకంగానూ అచ్చయినది, తెరపైనా కనిపించినది. 1990లో జేమ్స్ క్లార్క్ వీటిని 'గ్రాఫ్' అన్న పేర తిరిగి రచించినాడు. అది నేటికీ వాడుకలో ఉన్నది.

ఈ జంటలో గమనింపదగిన విశేషమొకటి ఉన్నది. 'ఇది టెర్మినల్ అయితే ఇట్లు చూపుము, అచ్చు అయితే అట్లు చూపుము' అని రచయిత షరతు పెట్టవచ్చును. అంటే లావు అక్షరం లేనిచోట దానికి బదులుగా ఏ గుర్తు నిలవవలెనో నిర్ణయించే బాధ్యత యంత్రానిది కాదు, రచయితది. పంక్తికి పైన, క్రింద వ్రాయవలసిన గణితసంకేతాలకోసం వారు అర్ధపంక్తి మేర పైకీ క్రిందికీ కదలగల టెలిటైప్ యంత్రాన్ని వాడుకున్నారు. లావు అక్షరం కావలసినచోట ఒకే అక్షరాన్ని దానిపైననే మరల కొట్టించినారు. ఉపకరణం పేదదైనా అర్థం చెడరాదన్న పట్టుదల ఈ ఏర్పాట్లన్నిటిలో కనిపిస్తుంది.

టెర్మినల్ తెరకు అడ్డంగా 80 గడులు. 1978లో వచ్చిన వీటీ-100 తెర 80 గడుల వెడల్పు, 24 పంక్తుల ఎత్తు. 80 అన్న సంఖ్య 1928 నాటి ఐ.బి.ఎం. చిల్లుల కార్డు నుండి వచ్చినది. ఆంగ్లాక్షరాలకు ఈ గడుల లెక్క చక్కగా సరిపోయింది. తెలుగుకు సరిపోలేదు.

అక్షరమెంత, గడి ఎంత

మనలో ఛందస్సు చెప్పే ఉపాధ్యాయులకు అక్షరగణన నిత్యకృత్యం. 'భద్రాచలము' అన్న మాటలో అక్షరాలెన్ని అని అడిగితే భ, ద్రా, చ, ల, ము అని అయిదు లెక్కిస్తారు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పు నుండి నేటివరకు కంప్యూటర్ ఈ మాటను భద్రపరచే తీరు వేరు. అందులో భ, ద, పొల్లు, ర, ఆకారపు గుర్తు, చ, ల, మ, ఉకారపు గుర్తు అని తొమ్మిది సంకేతాలున్నవి. నేడు వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పట్టును గనుక ఈ మాటకు 27 బైట్లు. టెర్మినల్ లెక్క మరొకటి. మార్కస్ కూన్ రచించిన గడుల లెక్క యూనిక్స్ తరహా టెర్మినల్ కార్యక్రమాలలో విస్తృతంగా వాడుకకు వచ్చినది. దాని ప్రకారం పొల్లుకు, ఆకారపు గుర్తుకు గడి లేదు; ఉకారపు గుర్తుకు మాత్రం ఒక గడి ఉన్నది. కనుక ఆ మాటకు ఏడు గడులు. ఒకే మాట ఛాందసునికి 5, సంకేతపట్టికకు 9, భాండారానికి 27, తెరకు 7.

ఇందులోని విపరీతం ఇంకా స్పష్టం కావలెనంటే గుణింతాన్ని చూడవచ్చును. యూనికోడ్ పట్టికలో గుడి స్థలం ఆక్రమించని గుర్తు. కొమ్ము స్థలం ఆక్రమించే గుర్తు. అందువల్ల 'కి' ఒక గడి, 'కు' రెండు గడులు. 'స్త్రీ' ఏకాక్షరం, ఆరు సంకేతాలు, మూడు గడులు. రెండు పాదాలలో అక్షరసంఖ్య సమానమైనా వాటి కుడి అంచులు తెరపై సమానంగా నిలవవు. గడులను లెక్కించి నిలువుగా సరిచేసిన పట్టికలో వరుసలు తప్పుతవి. గురులఘువుల గుర్తులను పాదానికి పైన మరొక పంక్తిలో వ్రాసినట్లయితే అవి తమ అక్షరాల మీద నిలువక పక్కకు జరుగుతవి. పాఠ్యగ్రంథాలలో గణవిభజన చూపే పద్ధతి మనకిదే గనుక ఈ నష్టం స్వల్పమైనది కాదు.

మరొక ఇబ్బంది పంక్తిని నింపడంలో ఉన్నది. ఎన్‌రాఫ్ వంటి కార్యక్రమాలు రెండంచులను సమం చేయడానికి మాటల మధ్య ఖాళీ గడులను చేరుస్తవి. ఆంగ్లంలో మాటలు చిన్నవి గనుక ఖాళీలు పలుచగా సర్దుకుంటవి. సమాసభూయిష్ఠమైన మన వచనంలో ఒక పంక్తికి మూడు నాలుగు మాటలే పడుతవి. ఖాళీలన్నీ వాటి మధ్యనే పడి పంక్తి జల్లెడవలె కనిపిస్తుంది. పోనీ పంక్తి చివర మాటను విరిచి అడ్డగీత పెడదామంటే, పరిష్కర్త పదచ్ఛేదంకోసం పెట్టిన గీత ఏదో, యంత్రం చోటు చాలక పెట్టిన గీత ఏదో చదువరికి తెలియదు. సంస్కృత గ్రంథాలలో ఈ సందిగ్ధం మరింత ప్రమాదకరం. సంధిని విడదీసే తీరునుబట్టి అర్థం మారే శ్లోకాలు మనకు కొల్లలు.

భారతీయ లిపులను టెర్మినల్‌కు తెచ్చే ప్రయత్నం మన దేశంలో జరగకపోలేదు. కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలై, తరువాత పూణెలోని సి-డాక్ సంస్థలో వృద్ధిపొందిన 'జిస్ట్' పరిజ్ఞానం భారతీయ లిపులను అక్షరపు తెరలపై చూపినది. దానికి ఆధారమైన 'ఇస్కీ' సంకేతపట్టికను భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ప్రమాణంగా స్వీకరించింది. ఇంచుమించు ఆ దశకంలోనే అమెరికాలోని తెలుగువారు ఎదురుదారిలో నడిచినారు. కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ రూపొందించిన 'రైస్ ఇన్వర్స్ ట్రాన్స్‌లిటరేటర్' రోమను అక్షరాలలో టెర్మినల్ మీద వ్రాసిన తెలుగును అచ్చుకు తగిన తెలుగు లిపిలోకి మార్చినది. ఈ రెండు ప్రయత్నాలకు దారులు వేరైనా సూత్రమొక్కటే: యంత్రంలో ఉండవలసినది అక్షరపు ఆకారం కాదు, అక్షరం.

తాళపత్రం నేర్పిన పాఠం

మన పూర్వులకు ఈ సూత్రం కొత్తది కాదు. తాళపత్రంలో పంక్తి పొడవును నిర్ణయించినది ఆకు పొడవే గాని పద్యపాదం కాదు. మాటకు మాటకు మధ్య ఎడం లేదు. పాదానికొక పంక్తి లేదు. తాడు దూర్చే రంధ్రం వచ్చినచోట మాట మధ్యలోనైనా ఎడం విడిచి వ్రాసినారు. అయినను లేఖకుడు వ్రాసినదాన్ని పండితుడు పాదాలుగా విడదీసుకొని చదివినాడు. ఎట్లు చదివినాడు? పద్యం తన విభాగాన్ని తనలోనే మోసుకొని వచ్చినది గనుక.

ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలు. భ, ర, న, భ, భ, ర గణాలపైన లఘువు, గురువు. పదవ అక్షరం యతిస్థానం. చంపకమాలలో ఇరవై ఒకటి, యతి పదకొండవది. పాదాలన్నిటా రెండవ అక్షరం ప్రాస. ఎనభై అక్షరాలను ఏ ఎడమూ లేకుండా పేర్చినా, ఆ గురులఘుక్రమమే పాదాంతాలను చూపుతుంది. యతి, ప్రాసలు దానికి సాక్ష్యం చెప్పుతవి. తెర నలభై గడులదైనా ఎనభై గడులదైనా, పాదం ఎక్కడ విరిగినా, ఛందస్సు తెలిసినవాడు దాన్ని తిరిగి అతికించుకోగలడు. ఆ లక్షణాలనే నేర్పితే యంత్రమూ అతికించగలదు. అంటే ఛందస్సే ఇచట విన్యాససూత్రం.

దీనికి తోడు మన వ్రాతప్రతులలోనూ అచ్చు ప్రతులలోనూ పద్యానికి ముందు 'ఉ.', 'చ.', 'కం.', 'సీ.', 'తే.గీ.', 'ఆ.వె.', 'వ.' అన్న సంకేతాలున్నవి. వ్యాఖ్యానాలలో 'టీ.', 'తా.' అన్నవి ఉన్నవి. ఎన్‌రాఫ్ రచయిత పంక్తి మొదట చుక్క పెట్టి రెండక్షరాల ఆజ్ఞ వ్రాసినాడు. మన లేఖకుడు అక్షరం వ్రాసి చుక్క పెట్టినాడు. 'కం.' అన్న ఒక్క గుర్తును చూడగానే నాలుగు పాదాలనీ, మొదటి, మూడవ పాదాలకు మూడేసి గణాలనీ, రెండవ, నాలుగవ పాదాలకు అయిదేసి గణాలనీ, ప్రాస ఉండవలెననీ తెలిసిపోతున్నది. రెండంచులు ఎంత జరపవలెనో వేరే చెప్పనక్కరలేదు. ఇంత అర్థగర్భితమైన విన్యాసపు ఆజ్ఞలు మనకు ఉండగా, లావు అక్షరాన్ని నమ్ముకోవలసిన అవసరమేమి?

అచ్చు ఈ పద్ధతిని త్రోసివేయలేదు. కాని దానిమీద ఆధారపడడం తగ్గించినది. 1829లో బ్రౌను ప్రకటించిన వేమన పద్యాల నాటినుండి, 1854లో స్థాపితమైన వావిళ్ళవారి ముద్రణాలయం పరిష్కృత గ్రంథాలవరకు, పుట క్రమంగా అందంగా తీరినది. చదువరికి సుఖం పెరిగింది. ఆ సుఖాన్ని నేను ఆక్షేపించడం లేదు. పుట తీరు చెప్పుతున్నది గదా అని అక్షరాలలో చెప్పవలసినది మానివేయడాన్ని మాత్రమే ఆక్షేపిస్తున్నాను.

రాలిపోతున్నదేమిటి

ఈ నష్టానికి మన ప్రాంతం నుండే ఒక ఉదాహరణ ఉన్నది. దుమ్ముగూడెంలో పనిచేసిన క్రైస్తవ మతబోధకుడు జాన్ కెయిన్ 1870వ దశకంలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గూర్చి 'ఇండియన్ యాంటిక్వెరీ' పత్రికలో వ్యాసాలు వ్రాసినాడు. ఆ కాలపు ఆ పత్రికలో దేశీయ పదాలను రోమను లిపిలో అచ్చువేస్తూ దీర్ఘాచ్చుల మీద గొడుగు వంటి గుర్తును ఉంచినారు. అట్టి పుటలను నేడు యంత్రంచేత చదివించి సాదా అక్షరపాఠంగా మార్చినప్పుడు ఆ గొడుగు జారిపోతే, దీర్ఘం హ్రస్వమవుతుంది. తెలుగు మాటనైతే మనం ఊహించి సరిచేసుకోగలము. కోయ మాటకు, ఊరిపేరుకు, ఇంటిపేరుకు ఆ ఊహ పనికిరాదు. నూరేళ్ళకు పైబడిన సాక్ష్యం ఒక్క గుర్తుతోపాటు పోతున్నది.

మన కాలపు నష్టం ఇంతకన్న పెద్దది. 1990వ దశకం నుండి తెలుగు పత్రికలు, సంచికలు, సిద్ధాంతగ్రంథాలు ఎన్నో 'అను' వంటి అక్షరశ్రేణులతో, పేజ్‌మేకర్ వంటి కార్యక్రమాలలో కూర్చబడినవి. ఆ పద్ధతిలో యంత్రంలో నిలిచేది అక్షరం కాదు; తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు అనే ముక్కలు. ఆ ముక్కలకు రోమను అక్షరాల స్థానాలను కేటాయించినారు. ఆ అక్షరశ్రేణి ఉన్నంతవరకే అది తెలుగు. అది లేని తెరమీద అర్థంలేని రోమను అక్షరాల కుప్ప. దానిలో ఒక పదంకోసం వెదకలేము, యతిస్థానాన్ని పరీక్షించలేము, అకారాది పట్టికను చేయలేము. విన్యాసాన్ని పాఠంగా భ్రమపడినందుకు కలిగిన ఫలమిది. అచ్చయిన పుటలు బీరువాలలో భద్రంగా ఉన్నవి గదా అనవచ్చును. తాళపత్రాలు కూడా ఒకప్పుడు పెట్టెలలో భద్రంగానే ఉన్నవి.

అడవి అంచున

ఛందస్సే విన్యాససూత్రమన్న నా మాటకు ఒక హద్దు ఉన్నది. ఆ హద్దు ఖమ్మం దాటి కొత్తగూడెం, భద్రాచలం, చర్ల వైపు సాగేకొద్దీ తెలుస్తుంది. నేలకొండపల్లివాడైన కంచెర్ల గోపన్న రచించిన దాశరథీ శతకం ఉత్పలమాలలలో, చంపకమాలలలో నడిచినది. దాని పాదవిభాగం చెదిరినా తిరిగి కూర్చుకోవచ్చును. అదే భద్రాద్రి చుట్టూ ఉన్న కోయ గూడేలలో గుంపుగా పాడే రేల పాటలకు ఆ రక్ష లేదు. అక్కడ యతిప్రాసల నియమం పరిష్కర్తకు ముందుగా తెలిసినది కాదు. ఎవరు ఎత్తుకున్నారు, ఎవరు అందుకున్నారు, ఏ మాట ఎన్నిసార్లు తిరిగి వచ్చినది, ఊపిరి ఎక్కడ ఆగినది అన్నవి పాట కట్టులో భాగాలు. సేకర్త వీటిని అచ్చులో పంక్తిని లోపలికి జరపడంచేత, వాలు అక్షరాలచేత సూచిస్తే, ఆ సూచనలు సాదా తెరపై రాలిపోయిన మరుక్షణం పాట ఒక ముద్ద అవుతుంది. ఆ ముద్ద నుండి దాన్ని తిరిగి విడదీయగల శాస్త్రం మనవద్ద లేదు. పాడినవారు గతించిన తరువాత అడగడానికి మనుషులూ ఉండరు.

కనుక కావ్యపరిష్కరణలో విన్యాసాన్ని అక్షరాలలో చెప్పడం సౌకర్యం. జానపద, గిరిజన వాఙ్మయ సేకరణలో అది విధి. పాట ఎత్తుకున్నవారి పంక్తికి ముందు 'ముం.' అని, గుంపు అందుకున్న పంక్తికి ముందు 'గుం.' అని, ఆవృత్తికి సంఖ్య, తెలుగు లిపిలో లేని ధ్వనికి ముందుగా వివరించిన ఒక స్థిరమైన గుర్తు వ్రాసినట్లయితే చాలును. దీనికి గొప్ప పరికరాలు అక్కరలేదు. సేకరించిన ఊరు, మండలం, సంవత్సరం పాట తలభాగంలో వ్రాయడం మరువరాదు. భద్రాచలం ప్రాంతం 1959లో తూర్పు గోదావరి జిల్లా నుండి ఖమ్మం జిల్లాకు మారినది. 2014లో కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళినవి. భద్రాచలం పట్టణం 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నది. 'ఖమ్మం జిల్లా పాట' అని మాత్రమే వ్రాసినట్లయితే ఏభై ఏండ్ల తరువాతివారికి అది ఏ ఊరి పాటయో తేలదు.

చిరునామా గల పంక్తి

అన్ని తెరలకూ ఒదిగే పాఠానికి మనకు మంచి నమూనా ఒకటి ఉన్నది. పూణెలోని భాండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ ప్రకటించి 1966లో పూర్తిచేసిన మహాభారత సంశోధిత ప్రతిని జపాను దేశపు పండితుడు మునెఓ తోకునాగ కంప్యూటర్‌కు ఎక్కించినాడు. కేంబ్రిడ్జి పండితుడు జాన్ స్మిత్ దాన్ని సవరించినాడు. అందులో లావు అక్షరాలు లేవు, అడుగుసూచికలు లేవు. ప్రతి పంక్తి మొదట ఒక సంఖ్య ఉన్నది: పర్వానికి రెండంకెలు, అధ్యాయానికి మూడు, శ్లోకానికి మూడు, ఆపైన పూర్వార్ధమో ఉత్తరార్ధమో తెలిపే ఒక అక్షరం. ఏ పంక్తిని విడిగా తీసినా అది తన ఇల్లు తానే చెప్పుకుంటుంది. లోకమంతటా సంస్కృత పరిశోధకులు ఆ పాఠాన్ని ఆధారం చేసుకున్నారు. ఆ గౌరవం దానికి అందంచేత రాలేదు; చిరునామాచేత వచ్చినది.

మన శతకాలకు, ప్రబంధాలకు ఇట్టి చిరునామాలను ఏర్పరచడం కష్టం కాదు. 'దాశ-012-3' అంటే దాశరథీ శతకం పన్నెండవ పద్యం మూడవ పాదం. పాఠాంతరం పుట అడుగుకు పోనక్కరలేదు; అదే చిరునామాతో తరువాతి పంక్తిలో, ప్రతి సంకేతాన్ని ముందుంచి వ్రాయవచ్చును. టీక 'టీ.'తో, తాత్పర్యం 'తా.'తో మొదలు కావలెను. శతకాలలో మకుటాన్ని ఒకచోట పూర్తిగా వ్రాసి తక్కినచోట్ల చుక్కలు పెట్టడం అచ్చుకు పొదుపే గాని, అట్లు చేసినచో నాలుగవ పాదం గణపరీక్షకు నిలువదు. మూలప్రతిలో దాన్ని ప్రతిసారీ పూర్తిగా వ్రాయవలెను. పంక్తి చివర అడ్డగీతతో మాటను విరువరాదు. పదచ్ఛేదానికి వేరే గుర్తు ఉండవలెను. గురులఘువులను పాదంపైన గాక పాదం తరువాతి పంక్తిలో, గణనామాలతో చూపవలెను. అప్పుడు గడులు జరిగినా అర్థం జరుగదు. నిలువు వరుసల పట్టికకు బదులు ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క పంక్తి వ్రాయవలెను.

ఈ విధంగా సిద్ధపరచిన ప్రతి నుండి అచ్చుకు కావలసిన అందమైన పుటను ఎప్పుడైనా తీయవచ్చును. చిరునామాలను దాచి, మూలాన్ని లావు చేసి, పాఠాంతరాలను అడుగుకు దింపే పని యంత్రానిది. అచ్చుపుట నుండి ఈ ప్రతిని తిరిగి తీయడం మాత్రం ఎంతో శ్రమతో గాని సాధ్యం కాదు. కావున ఏది మూలమో, ఏది దాని ప్రతిబింబమో మనం నిర్ణయించుకోవలెను.

ఆక్షేపాలు, సమాధానాలు

రంగులు, చిత్రాలు చూపే తెరలు ప్రతి చేతిలో ఉండగా టెర్మినల్ గూర్చి ఈ కాలంలో చర్చ దేనికని కొందరు అడుగవచ్చును. పాత టెర్మినల్ యంత్రాలు చాలావరకు తెరమరుగైన మాట నిజమే. కాని టెర్మినల్ పెట్టే షరతు తొలగలేదు. చూపులేని విద్యార్థికి గ్రంథాన్ని చదివి వినిపించే కార్యక్రమానికి లావు సన్నాలు సాధారణంగా వినిపించవు. అది పంక్తి వెంట పంక్తిని చదువుతుంది. బ్రెయిల్ పట్టీపై ఒకసారికి నలభై లేక ఎనభై గడుల ఒక్క పంక్తి మాత్రమే లేస్తుంది. అక్కడ వత్తు క్రిందికి దిగదు, అన్నీ ఒకే వరుస. మూలమెక్కడ ముగిసినదో టీక ఎక్కడ మొదలైనదో అక్షరాలలో చెప్పకపోతే ఆ విద్యార్థికి మనం అసంపూర్ణమైన గ్రంథాన్ని ఇచ్చినట్లే. ప్రాచ్య విద్య మొదట శ్రుతిపరంపర అని సగర్వంగా చెప్పుకునే మనకు ఇది తగదు.

పుటల ఛాయాచిత్రాలు ఉన్నవి గదా, అవి చాలవా అన్నది రెండవ ఆక్షేపం. ఛాయాచిత్రం ప్రమాణానికి అవసరమే, దాన్ని కాదనరాదు. కాని చిత్రంలో వెదకలేము. బరువు భేదం కూడా ఉన్నది. ఉత్పలమాల పద్యానికి ఎనభై అక్షరాలు. అక్షరానికి సుమారు రెండు సంకేతాలనుకుంటే అయిదు వందల బైట్లు. నూట ఎనిమిది పద్యాల శతకమంతా యాభై అరవై కిలోబైట్లలో ఇముడుతుంది. చక్కని ఛాయాచిత్రంలో ఒక్క పుటే అంతకన్న ఎక్కువ బరువు తూగవచ్చును. అడవి గ్రామాలలో సంకేతం పలుచగా అందేచోట, చిత్రం రాక ఆగిపోయినా అక్షరపాఠం చేరుతుంది. సేకరించిన పాటను ఆ గూడెంవారికే తిరిగి చూపి సరిచూసుకోవలెనంటే, వారి చేతిలోని చిన్న తెరకు ఒదిగే రూపమే మనకు కావలెను.

ఇది పండితుల పని కాదు, సాంకేతికుల పని అన్నది మూడవ ఆక్షేపం. దీనిని నేను అంగీకరించలేను. 'భద్రాచలము' అన్న మాటకు ఏడు గడులన్న లెక్క మన అక్షరశాస్త్రం తెలియనిచోట పుట్టినది. ఏది అక్షరం, ఏది మూలం, ఏది టీక, ఎక్కడ పాదాంతం అన్న నిర్ణయాలు వ్యాకరణ, ఛందో, అలంకారశాస్త్రాలు చదివినవారివే. మనం మౌనం వహించినట్లయితే ఆ నిర్ణయాలు మనకు తెలియకుండానే ఎవరో చేసివేస్తారు; తరువాత వాటిని మార్చడం దుర్లభం.

పై చర్చను బట్టి ప్రాచ్య కళాశాలల పత్రికలకు మూడు మనవులు. మొదటిది: ప్రతి సంచికకూ అచ్చుప్రతితోపాటు యూనికోడ్‌లో సాదా అక్షరప్రతిని కూడా భద్రపరచవలెను. రెండవది: పాత సంచికలలో ముక్కల అక్షరశ్రేణులతో కూర్చినవాటిని, వాటిని తెరువగల యంత్రాలు, మనుషులు ఉన్నప్పుడే మార్పించవలెను, ఈ పనిని సంచికల వయస్సు క్రమంలో, పాతవాటితో మొదలుపెట్టవలెను. మూడవది: పరిశోధక విద్యార్థి సమర్పించిన పరిష్కృత పాఠాన్ని ఆమోదించేముందు, ఎట్టి అలంకారమూ లేని ఒకే పరిమాణపు అక్షరాలతో తెరపై ఉంచి, ఆ గ్రంథంతో పరిచయం లేని మరొక అధ్యాపకునిచేత బిగ్గరగా చదివించవలెను. మూలాన్ని మూలంగా, టీకను టీకగా, పాఠాంతరాన్ని పాఠాంతరంగా ఆయన తడబడక చదువగలిగినప్పుడే అది అచ్చుకు యోగ్యమని నిర్ణయించవలెను.